హాల్లో సముద్రం... కొలత తప్పితే కష్టం

రీల్స్‌లో మెరిసే పగడాలు, పిల్లలు అడిగే నీమో చేపలు... ఉప్పునీటి అక్వేరియం ఇప్పుడు నగరాల్లో కొత్త ముచ్చట. ట్యాంకుకూ లైట్లకూ వేలకు వేలు పోసే ఇళ్లలో తరచూ వాయిదా పడే ఖర్చు ఒక్కటే: నీటి పరీక్ష. అసలు మొదలుపెట్టాల్సింది అక్కడే.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న ఊళ్లలో పొద్దున్నే ఆక్వా ల్యాబ్ ముందు సందడి మొదలవుతుంది. బైకు హ్యాండిల్‌కు వేలాడే సంచిలో నాలుగైదు నీళ్ల సీసాలు, ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో రాసిన చెరువు నంబరు. లోపల టెక్నీషియన్ కుర్రాడు వరసగా గాజు గొట్టాల్లో చుక్కలు వేస్తుంటాడు. రంగులు మారుతుంటాయి. కాగితం మీద సెలైనిటీ, పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా, నైట్రైట్ గడులు ఒక్కొక్కటే నిండుతుంటాయి. నిన్న సాయంత్రం నీళ్లు బాగానే కనిపించాయి కదా అని ల్యాబ్‌కు రావడం మానుకునే రైతు ఉండడు. కంటికి తెలిసే మార్పు వచ్చేసరికి రొయ్య తేలిపోతుందని ఒక్క పంట పోగొట్టుకున్నవాడికైనా తెలుసు.

అదే ఆదివారం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక ఫ్లాట్ హాల్లో మూడడుగుల గాజు ట్యాంకు చుట్టూ పిల్లలు మూగి ఉంటారు. నీళ్లు తేటగా ఉన్నాయి, మోటార్లు తిరుగుతున్నాయి, నీలం లైటు వెలుగుతోంది. నిన్న తెచ్చిన రెండు క్లౌన్ ఫిష్‌లలో ఒకటి మాత్రం నీటి అంచుకు వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. మొప్పలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. ‘కొత్త చోటు కదా సార్, రెండు రోజుల్లో అలవాటు పడుతుంది’ అని దుకాణం నుంచి ఫోన్లో భరోసా. ఆ నీటిలో ఏముందో చెప్పే కిట్ ఆ ఇంట్లో లేదు. భీమవరం రైతు పెంచేదీ, ఈ ఇంట్లో ఉన్నదీ ఉప్పునీటి ప్రాణులే. నీటి రసాయనం పేర్లు కూడా అవే. ఒకరు కొలిచి పెంచుతున్నారు, ఇంకొకరు చూసి పెంచుతున్నారు. అంతే తేడా.

2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ సినిమాతో పిల్లల నోట పడ్డ ఆ నారింజ చేప ఇప్పుడు ఊరూరా తిరిగే టన్నెల్ అక్వేరియం ఎగ్జిబిషన్లలో కనిపిస్తోంది, ఫోన్ తెరల మీద పగడాల మధ్య ఈదుతోంది. చూసినవాళ్లకు ఇంట్లోనూ ఒకటి పెట్టుకోవాలనిపించడం సహజం. కొత్తగా పెట్టిన ట్యాంకు పాడైపోయినప్పుడు నింద చేప మీదకో, దుకాణం మీదకో, ఎండల మీదకో పోతుంది. అసలు కారణం వేరే చోట ఉంది. సముద్రంలో చేపను కాపాడేది నీటి విస్తారం. ఎంత మురికి కలిసినా పలచబడిపోతుంది, ఎంత ఎండ కాసినా నీటి వేడి నెమ్మదిగానే మారుతుంది. ఇంటికి తెచ్చేటప్పుడు మనం వదిలేసి వచ్చేది ఆ విస్తారాన్నే. దాని స్థానంలో ఇంట్లో పెట్టగలిగింది కొలత ఒక్కటే. ఈ మాట ఒప్పుకుంటే ఏది కొలవాలి, ఎప్పుడు కొలవాలి, వచ్చిన అంకెతో ఏం చేయాలి అన్నవి వాటంతటవే తేలతాయి.

లండన్ ఇంట్లో మొదటి పాఠం

ఈ ముచ్చట కొత్తదేమీ కాదు. 1846లో ఆనా థిన్ అనే ఆవిడ ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని టార్కీ నుంచి కొన్ని పగడ జీవులను లండన్‌లోని తమ ఇంటికి తెచ్చుకుంది. సముద్రం దగ్గర్లో లేదు, పంపులు లేవు, కరెంటు లేదు. ఆవిడ ఇంట్లో పనిచేసే మనిషి తెరిచిన కిటికీ ముందు నిలబడి, ఆ నీళ్లను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పదేపదే ధారగా పోస్తూ గాలి కలిపేది. తర్వాత సముద్రపు నాచు మొక్కలు తోడయ్యాయి, జీవులు నిలిచాయి. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల శాల తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ ‘ది అక్వేరియం’ పుస్తకం వేశాడు. ఇళ్లలో ఉప్పునీటి తొట్లు పెట్టుకోవడం ఆ దేశంలో పెద్ద వేలంవెర్రిగా మారి, కొన్నేళ్లకే చల్లారింది. అలలు ఊరికే చేసిపెట్టే పనిని ఇంట్లో రోజూ ఎవరో ఒకరు చేయాలి. చేసేవాళ్లు లేని తొట్టి ఎక్కువకాలం నిలవదు. ఇప్పుడు గాలి కలిపే పని మోటారుకు అప్పగించేశాం. ఆ మోటారు చేయలేని పని ఒకటి మిగిలింది: నీటిలో ఏం మారుతోందో కనిపెట్టడం.

ఇక్కడ ఒక్క మెతుకు చాలదు

1872 నుంచి 1876 వరకు ప్రపంచ సముద్రాల్లో తిరిగివచ్చిన చాలెంజర్ నౌక తెచ్చిన నీటి నమూనాల్లో 77ను విలియం డిట్మార్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పరీక్షించాడు. 1884లో ఫలితాలు వెలువడ్డాయి. ఉప్పదనం చోటుచోటుకీ మారుతుంది గానీ, ఆ ఉప్పులో సోడియం, క్లోరైడ్, మెగ్నీషియం, కాల్షియం లాంటి ప్రధాన లవణాల పాళ్లు మాత్రం బహిరంగ సముద్రంలో ఎక్కడ తీసుకున్నా దాదాపు ఒకటేనని తేలింది. అందుకే సముద్ర శాస్త్రజ్ఞుడు ఉప్పదనం ఒక్కటి కొలిచి మిగతావాటిని లెక్కగట్టగలడు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలిసినట్టే.

ఇంట్లో ట్యాంకుకు ఈ సూత్రం కొన్నాళ్లే వర్తిస్తుంది. ప్యాకెట్ ఉప్పు కలిపిన మొదటి రోజున పాళ్లు సరిగ్గానే ఉంటాయి. ఆ తర్వాత పగడం తన గూడు కట్టుకోవడానికి కాల్షియాన్నీ ఆల్కలినిటీనీ (ప్రధానంగా నీటిలోని కార్బొనేట్ల నిల్వ) లాగేసుకుంటుంది. సోడియం, క్లోరైడ్‌ల జోలికి పోదు. చేపలకు వేసిన మేత నైట్రేట్, ఫాస్ఫేట్‌గా మారి పోగుపడుతుంది. నెల తిరిగేసరికి ఉప్పదనం 35 పీపీటీ, అంటే కిలో నీటికి 35 గ్రాముల లవణాలు చక్కగా చూపిస్తున్నా, లోపలి పాళ్లు సముద్రపువి కావు. ‘ఉప్పు చూశాను, సరిపోయింది’ అనే మాట సముద్రంలో పూర్తి జవాబు. ట్యాంకు దగ్గర అది సగం జవాబే. ఇంట్లో అక్వేరియానికి ఒకటికి నాలుగు టెస్టులు ఎందుకని అడిగేవాళ్లకు నూట నలభై ఏళ్ల కిందటి ఆ నౌక ఫలితాలే సమాధానం చెబుతాయి.

తేట నీటిలో కనిపించని విషం

చేప తిన్న ప్రొటీన్ చివరికి అమ్మోనియాగా మారి, ఎక్కువ భాగం మొప్పల గుండానే బయటికొస్తుంది. అమ్మోనియాకు నీటిలో రంగు లేదు. చేపను చంపే మోతాదులో కూడా ముక్కుకు వాసన తగలదు. అది నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయనిది, రెండోది మొప్పల్లోకి చొరబడే విషం. ఏది ఎంత అన్నది ప్రధానంగా పీహెచ్‌ను బట్టి ఉంటుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే విష రూపం దాదాపు పది రెట్లవుతుంది. మంచినీటి ట్యాంకులో పీహెచ్ 7 దగ్గర చేప తట్టుకునే అమ్మోనియా, 8.2 దగ్గర ఉండే సముద్రపు నీటిలో ప్రాణం తీయగలదు. ‘ఇదివరకు గోల్డ్ ఫిష్‌లు పెంచాం, ఏ టెస్టూ చేయలేదు, అవి బాగానే ఉన్నాయి’ అనే అనుభవం ఇక్కడ అక్కరకు రాకపోవడానికి ఒక పెద్ద కారణం ఇదే.

ఈ విషాన్ని నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీదా ఇసుకలోనూ స్థిరపడాలి. అందుకు మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దీన్నే పెంపకందారులు సైక్లింగ్ అంటారు. మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది, చివరికి నైట్రేట్ కనిపిస్తుంది. ఈ మూడు అంచెలూ తేటనీటిలోనే జరిగిపోతాయి. కంటికి ఏ గుర్తూ ఉండదు. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా పోస్తే పని త్వరగా అవుతుందంటారు. అవొచ్చు కూడా. గోడౌన్లలో, కొరియర్ వాహనాల్లో ఎండదెబ్బ తిన్న ఆ సీసాలో బతికున్నవి ఎన్నో చెప్పాల్సింది మాత్రం మళ్లీ టెస్టే. పైన చెప్పుకున్న ఫ్లాట్‌లో మూతి తేలేసిన చేపకు కొత్త చోటు బెంగ ఉండవచ్చు. దాని కంటే ముందు అనుమానించాల్సింది సైక్లింగ్ పూర్తికాని నీటిలో కమ్మిన అమ్మోనియాను.

ఏ అంకెకు భయపడక్కర్లేదో తెలియడమూ పరీక్షలో భాగమే. నైట్రైట్ మంచినీటి చేపలకు ప్రమాదకారి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19 గ్రాముల క్లోరైడ్ ఉంటుంది. మొప్పల్లో నైట్రైట్ పోవాల్సిన దారినే క్లోరైడ్ ఆక్రమించి ఉంటుంది కాబట్టి దాని విషం ఇక్కడ చాలావరకు అణగిపోతుంది. సెలైనిటీ తక్కువున్న రొయ్యల చెరువుల్లో నైట్రైట్ పెద్ద బెడదగా ఉండటం, ఉప్పెక్కువున్న చెరువుల్లో అంత లేకపోవడం మన రైతులకు తెలిసిన సంగతే. కొత్త పెంపకందారు నైట్రైట్ కిట్‌లో గులాబీ రంగు చూసి కంగారుపడి సగం నీళ్లు పారబోస్తాడు. అమ్మోనియా సున్నా దగ్గరుంటే ఆ కంగారు అనవసరం.

> ఏది ఎంత ఉండాలి?
>
> ● ఉప్పదనం: 35 పీపీటీ (సాపేక్ష సాంద్రత సుమారు 1.026)
> ● వేడి: 25–26 డిగ్రీల సెల్సియస్
> ● అమ్మోనియా: కిట్‌లో కనిపించకూడదు
> ● పీహెచ్: 7.8–8.4
> ● ఆల్కలినిటీ: 7–11 డీకేహెచ్ (ఆల్కలినిటీకి వాడే కొలమానం), ఈ మధ్యలో ఏదో ఒక అంకె దగ్గర నిలకడగా
> ● కాల్షియం: లీటరుకు 400–450 మిల్లీగ్రాములు
> ● మెగ్నీషియం: లీటరుకు 1250–1350 మిల్లీగ్రాములు
> ● నైట్రేట్: పగడాలుంటే లీటరుకు 2–10 మిల్లీగ్రాములు, చేపలు మాత్రమే ఉంటే 40 లోపు
> ● ఫాస్ఫేట్: పగడాలుంటే లీటరుకు 0.03–0.1 మిల్లీగ్రాములు

నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మిగిలిపోతుంది

200 లీటర్ల ట్యాంకులో సుమారు 7 కిలోల ఉప్పు ఉంటుంది. ఎండాకాలంలో ఫ్యాను గాలికి పది లీటర్లు ఆవిరైతే ఉప్పు అంతే ఉంటుంది, నీళ్లు 190 లీటర్లవుతాయి. 35 ఉన్న ఉప్పదనం 36.8కి చేరుతుంది. తగ్గిన చోట మంచినీళ్లు పోస్తే లెక్క సరిపోతుంది. ‘ఉప్పునీటి ట్యాంకు కదా’ అని ఉప్పు కలిపిన నీళ్లే పోస్తే వారానికి పది లీటర్ల చొప్పున నెల తిరిగేలోగా ఇంకో కిలోన్నర ఉప్పు చేరి, ఉప్పదనం 42 దాకా పోతుంది. లోకంలో బాగా ఉప్పనైన సముద్రాల్లో ఒకటైన ఎర్ర సముద్రంలోనూ ఉత్తర కొసన అది 40 చుట్టుపక్కలే ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్తూ పక్కింటివాళ్లకు తాళాలిచ్చి, ‘నీళ్లు తగ్గితే కాస్త పోయండి, మేత వేయండి’ అని చెప్పి వెళ్లే ఇళ్లలో ఈ రెండు తప్పులూ ఒకేసారి జరుగుతాయి. ఏ నీళ్లు పోయాలో చెప్పరు, మేత ఎంతో చెప్పరు. ప్రేమకొద్దీ గుప్పెడు మేత వేస్తారు. తిరిగొచ్చాక మొదట చేయాల్సినవి ఉప్పదనం, అమ్మోనియా పరీక్షలు. చేపలు ఈదుతూ కనిపించినా సరే.

ఉప్పును కొలిచే పరికరానిదే తప్పైతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. ముల్లు ఊగే చవక ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌కు గాలి బుడగ అంటుకున్నా, ఉప్పు పేరుకున్నా అంకె మారిపోతుంది. రిఫ్రాక్టోమీటర్ మెరుగు. అయితే దాన్ని మంచినీటితో సున్నాకు తెచ్చి వదిలేస్తే 35 దగ్గర తప్పు చూపవచ్చు. 35 పీపీటీ ద్రావణంతోనే సరిచూసుకోవాలి. మార్కెట్‌లో దొరికే వాటిలో కొన్ని మామూలు ఉప్పు ద్రావణానికి గీతలు గీసినవి. సముద్రపు నీటిని వాటితో చూస్తే ఒకటిన్నర పీపీటీ దాకా తేడా వస్తుంది.

ఉప్పు కలిపే నీటి సంగతి మరొకటి. బోరు నీటి కాఠిన్యం, మునిసిపల్ నీటిలోని క్లోరిన్ రెండూ ట్యాంకుకు పనికిరావు. ‘ఇంట్లో ఆర్‌ఓ ఉందిగా’ అంటారు. తాగే నీటి ఆర్‌ఓ యంత్రాల్లో చాలావాటిలో రుచి కోసం కొంత లవణాన్ని తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది. అక్వేరియానికి కావలసింది టీడీఎస్, అంటే కరిగిన లవణాల మొత్తం, సున్నాకు దగ్గరగా ఉన్న నీళ్లు. చిన్న టీడీఎస్ మీటరు ముంచి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. విశాఖ, కాకినాడ వాసులకు ఇంకో ప్రశ్న వస్తుంది: ఎదురుగా సముద్రం ఉండగా ప్యాకెట్ ఉప్పు ఎందుకు? ఊళ్ల మురుగు, ఓడరేవుల చమురు కలిసే ఒడ్డు నీటిని నేరుగా పోయడంలోని ప్రమాదం ఒకటైతే, అసలు ఆ నీరు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వానాకాలంలో గంగా, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి కుమ్మరించిన మంచినీళ్లతో బంగాళాఖాతం పైపొర పలచబడుతుంది. వానలు వెనకబట్టాక ఉత్తరాది నుంచి ఆ పలచటి నీరు తీరం వెంబడి దక్షిణానికి దిగుతుంది. మార్చిలో తెచ్చిన బిందెడు, అక్టోబరులో తెచ్చిన బిందెడు ఒకటి కావు. సముద్రపు నీళ్లు వాడేవాళ్లకు పరీక్ష తగ్గదు, పెరుగుతుంది.

పగలొక అంకె, రాత్రొక అంకె

ఇళ్లలో అందరూ కొలిచేదీ, అందరూ తప్పుగా అర్థం చేసుకునేదీ పీహెచ్. లైటు వెలుగుతున్నంతసేపు నాచు, పగడాల్లోని సూక్ష్మ శైవలాలు కార్బన్ డయాక్సైడ్‌ను వాడేస్తాయి కాబట్టి పీహెచ్ పెరుగుతుంది. రాత్రికి తగ్గుతుంది. రొయ్యల రైతు పొద్దునా సాయంత్రమూ విడివిడిగా పీహెచ్ చూసుకునేది ఇందుకే. ఇంట్లో దీనికి తోడు గది గాలి కూడా లెక్కలోకి వస్తుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 420 దాటింది. తలుపులు మూసి ఏసీ వేసుకుని నలుగురు కూర్చున్న హాల్లో అది వెయ్యి దాటడం మామూలే. ఆ గాలి నీటిలో కరిగి పీహెచ్‌ను కిందికి లాగుతుంది. అంకె 7.8 చూపగానే దుకాణానికి పరిగెత్తి పీహెచ్ పెంచే పొడి తెచ్చి కలిపేవాళ్లు ఉన్నారు. ఆ పొడి ఆల్కలినిటీని పెంచి కొత్త తంటా తెస్తుంది. ముందు ఓ గంట కిటికీ తెరిచి మళ్లీ చూడాలి. కొలిచిన అంకె వెనక కారణం అడగకపోతే కొలతే కీడు చేస్తుంది.

పగడాలు పెంచేవాళ్లు అన్నిటికంటే తరచుగా చూడాల్సింది ఆల్కలినిటీ. లెక్క చిన్నదే. పగడం గూడు కట్టుకుంటూ ఆల్కలినిటీని 2.8 డీకేహెచ్ తగ్గించిందంటే కాల్షియం లీటరుకు 20 మిల్లీగ్రాములే తగ్గుతుంది. సముద్రపు నీటిలో ఆల్కలినిటీ సుమారు 7, కాల్షియం సుమారు 420. అంటే ఒకవైపు నిల్వలో 40 శాతం ఖర్చైపోయేసరికి రెండోవైపు 5 శాతం కూడా తగ్గదు. కాల్షియం కిట్ ‘అంతా బాగుంది’ అంటున్న రోజునే పగడం ఆకలితో ఉండవచ్చు. అన్ని టెస్టులూ అన్ని వారాలూ చేయక్కర్లేదన్నది కూడా ఈ లెక్క నుంచే తెలుస్తుంది. త్వరగా మారేదాన్ని వారానికి రెండుసార్లు, నెమ్మదిగా కదిలే కాల్షియం, మెగ్నీషియంలను నెలకోసారి చూస్తే చాలు.

> టెస్ట్ తప్పేది ఇక్కడే
>
> ● నైట్రేట్ కిట్‌లో అడుగున పేరుకునే రెండో సీసాను గట్టిగా కుదపకపోతే అంకె తక్కువ వస్తుంది.
> ● చాలా నైట్రేట్ కిట్లు నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి కొలుస్తాయి. నీటిలో ముందే నైట్రైట్ ఉంటే అంకె ఉబ్బుతుంది.
> ● అమ్మోనియాను ‘బంధించే’ మందు వేశాక కూడా సాలిసిలేట్ రకం అమ్మోనియా కిట్ ఆ అమ్మోనియాను కలిపే చూపిస్తుంది. మందు పనిచేయలేదని మళ్లీ పోయకూడదు.
> ● రంగును ట్యాంకు నీలం లైటు కింద చూడొద్దు. పగటి వెలుగులో, తెల్ల కాగితం మీద పెట్టి చూడాలి.
> ● గడువు తేదీ దాటిన కిట్, మూత సరిగా పెట్టని సీసా: రెండూ నమ్మదగినవి కావు.
> ● అంకె కిట్ పరిధి దాటితే ట్యాంకు నీటిలో అంతే శుద్ధమైన నీళ్లు కలిపి కొలిచి, ఫలితాన్ని రెట్టింపు చేయాలి.

‘అనుభవమున్నవాళ్లు కొలవరు కదా!’

ఈ వాదన తరచూ వినిపిస్తుంది, కొట్టిపారేయదగ్గది కాదు. ఏళ్ల తరబడి పగడాలు పెంచినవాళ్లు పొద్దున్నే ట్యాంకు ముందు నిలబడి, పగడం విచ్చుకున్న తీరు చూసి నీటి సంగతి చెప్పేస్తారు. అయితే ఆ చూపు వాళ్లకు పుట్టుకతో రాలేదు. చూసిందాన్ని కొన్నేళ్లపాటు అంకెతో పోల్చుకోగా పోల్చుకోగా అబ్బింది. కొత్తవాళ్లకు ఆ పోలిక లేదు. పైగా పగడం ముడుచుకోవడమూ, చేప మేత మానడమూ ఆలస్యంగా వచ్చే కబుర్లు. అప్పటికే నీరు మారి కొన్ని రోజులై ఉంటుంది. పెద్ద పబ్లిక్ అక్వేరియాల్లో పనిచేసేవాళ్లకు అనుభవం తక్కువేం కాదు. అయినా అక్కడ నీటి పరీక్షకు ప్రత్యేకంగా ల్యాబ్‌లు నడుపుతారు. కుదురుకున్న పాత ట్యాంకుకు టెస్టులు తగ్గించుకోవచ్చన్నది నిజమే. కుదురుకుందో లేదో కూడా టెస్టే చెప్పాలి.

‘వారం వారం పది శాతం నీళ్లు మారుస్తున్నాం, ఇంకా టెస్టులెందుకు?’ అన్నది రెండో మాట. ట్యాంకులో వారానికి లీటరుకు 5 మిల్లీగ్రాముల నైట్రేట్ తయారవుతోందనుకుందాం. పది శాతం నీళ్లు మారిస్తే నైట్రేట్‌లోనూ పదో వంతే పోతుంది. పోయేది వచ్చేదానికి సమానమయ్యేదాకా అంకె పెరుగుతూ పోయి 50 దగ్గర ఆగుతుంది. మానకుండా నీళ్లు మార్చినా సరే ఆగేది 50 దగ్గరే. ఇరవై శాతం మారిస్తే 25 దగ్గర ఆగుతుంది. ఎంత మార్చాలో తేల్చుకోవాలంటే వారానికి ఎంత పెరుగుతోందో తెలియాలి కదా. నీళ్లు మార్చడం మంచి అలవాటే గానీ, ఎంత మార్చాలన్నది మాత్రం కొలిచినవాళ్లకే తెలుస్తుంది.

మూడో అభ్యంతరం కిట్ల మీద. రంగు చూసి చెప్పే అంకె ఎంతవరకు నిజం అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఇంటి ఆల్కలినిటీ కిట్‌లో అర డీకేహెచ్ తేడా రావచ్చు. కానీ అదే కిట్‌తో, అదే చేత్తో, అదే వెలుగులో చేసిన టెస్ట్ సోమవారం 8.5, గురువారం 7.5, ఆదివారం 6.5 చూపిందంటే అసలు అంకె ఏదైనా కావచ్చు గానీ, అది ఎటు పోతోందో తెలిసిపోయింది. పెంపకందారుకు అన్నిటికంటే అక్కరకొచ్చేది ఆ దిశే. అందుకే కిట్‌తోపాటు ఒక నోటుబుక్కు ఉండాలి. రాసుకోని టెస్ట్‌తో ఆ ఒక్క రోజు సంగతే తెలుస్తుంది. అనుమానం ఉంటే తెలిసిన ప్రామాణిక ద్రావణంతో కిట్‌నే పరీక్షించవచ్చు. లేదంటే నీటి నమూనాను ఐసీపీ ల్యాబ్‌కు పంపి పదుల సంఖ్యలో మూలకాల లెక్క తెప్పించుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆ నివేదిక వచ్చేది రోజుల తర్వాత. రాత్రికి రాత్రి పెరిగే అమ్మోనియాకు అది పనికిరాదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం దీనికి పూర్తిగా ఎదురు దిక్కు నుంచి వస్తుంది: కొలతల పిచ్చి పట్టినవాళ్ల ట్యాంకులే ముందు పాడవుతాయని. ఇందులో నిజముంది. పుస్తకంలోని అంకె కోసం ఇవాళ ఒక పొడి, రేపు ఇంకో మందు పోస్తూ పోతే ఆ ఊగిసలాటకే జీవులు పోతాయి. ఆల్కలినిటీ ఎనిమిదైనా తొమ్మిదైనా పగడం బతుకుతుంది. రోజుకు ఒక డీకేహెచ్‌కు మించి అటూ ఇటూ ఊపితే ఓర్చుకోలేదు. నైట్రేట్, ఫాస్ఫేట్‌లను సున్నాకు దించాలన్న పట్టుదల కూడా అలాంటిదే. రెండూ పూర్తిగా లేని నీటిలో పగడాలు పాలిపోతాయి, గోధుమరంగు జిగురు తెట్టులా డైనోఫ్లాజెలేట్లు కమ్ముకునే వీలుంటుంది. అయితే ఇవన్నీ కొలవడం వల్ల వచ్చిన నష్టాలు కావు, ఒక్క అంకెకే కంగారుపడి చేసిన పనుల వల్ల వచ్చినవి. వింత అంకె వస్తే మళ్లీ కొలవాలి. రెండోసారీ అదే వస్తే కారణం వెతకాలి. తర్వాత కొద్దికొద్దిగా మార్చాలి. అమ్మోనియా ఒక్కదానికే ఈ తాపీతనం నుంచి మినహాయింపు.

> చట్టం మాట
>
> గూడుకట్టే పగడాలు, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్ర గుర్రాలు మన దేశంలో 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరాయి. మన తీరం నుంచి తీసిన పగడాన్ని, అది బతికున్నదైనా ఎండినదైనా, కొనడం నేరం. ‘చెన్నై నుంచి వచ్చింది’, ‘అండమాన్ రాయి’ లాంటి మాటలకు లొంగొద్దు. పగడం ఎక్కడిదో కాగితం చూపని చోట కొనకపోవడమే క్షేమం.

ముందు కిట్, తర్వాత చేప

రొయ్య పోతే రైతుకు డబ్బు నష్టం, కాబట్టి కొలుస్తాడు. ఇంట్లో చేప పోతే ఏం నష్టం, ఇంకోటి తెచ్చుకోవచ్చు కదా అనే ఆలోచన పైకి అనకపోయినా చాలామందిలో ఉంటుంది. మంచినీటి రంగుచేపల్లో అత్యధికం చెరువుల్లో, తొట్లలో పుట్టి పెరిగినవి. ఉప్పునీటి రకాల్లో ఇప్పటికీ ఎక్కువ భాగం పగడపు దిబ్బల మీద పట్టి తెచ్చినవే. అక్కడ ఒకటి తగ్గితేనే ఇక్కడ ఒకటి వస్తుంది. క్లౌన్ ఫిష్ బాగా చూసుకుంటే పదేళ్లు దాటి బతకగలదు. అమ్మోనియా కొలవని ఇంట్లో పది రోజులకు పోతే ఆ ఖాళీ మళ్లీ సముద్రమే పూడ్చాలి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ ఫిష్, డామ్సెల్ జాతులను హేచరీల్లో పుట్టించే పద్ధతులు రూపొందించింది. హేచరీ చేపను అడిగి మరీ కొనడం ఒక మంచి అడుగు. అది పుట్టింది హేచరీలోనైనా అమ్మోనియా దానికీ విషమే.

కాబట్టి మార్చాల్సింది కొనే వరుసను. ఇప్పుడు జరుగుతున్నది ట్యాంకు, లైటు, రాళ్లు, చేపలు, ఆపైన ఏదో తేడా కనిపించాక కిట్. జరగాల్సింది ట్యాంకుతోపాటే రిఫ్రాక్టోమీటర్, థర్మామీటర్, అమ్మోనియా, నైట్రేట్, ఆల్కలినిటీ కిట్లు. ఆ తర్వాత చేప లేకుండా ఆరు వారాల కొలతలు. అమ్మోనియా పెరిగి తగ్గడం కళ్లారా చూశాక మొదటి చేప. రెండో చేపకు ముందు మళ్లీ కొలత. రోజూ వేడి, వారానికోసారి ఉప్పదనం, నైట్రేట్, పగడాలుంటే వారానికి రెండుసార్లు ఆల్కలినిటీ. వారమంతా కలిపినా గంట పట్టని పని ఇది. పిల్లలు ఉన్న ఇంట్లో నోటుబుక్కు వాళ్ల చేతికిస్తే బడిలో చదివే రసాయన శాస్త్రం హాల్లోనే అర్థమవుతుంది కూడా. దుకాణదారు చేపను సంచిలో వేసేముందు ‘మీ ట్యాంకులో అమ్మోనియా ఎంత వచ్చింది?’ అని అడగాలి. అడగకపోతే కొనేవాళ్లే చెప్పి, ఆ తర్వాతే కొనాలి. కిట్ ఖరీదును అక్వేరియానికి అదనపు ఖర్చు అనుకున్నంతకాలం అది వాయిదా పడుతూనే ఉంటుంది. దాన్ని చేప ధరలోనే కలిపి లెక్కవేసుకోవాలి. ఆ లెక్కకు డబ్బో తీరికో చాలని ఇంటికి ఉప్పునీటి చేపను తేకపోవడమే మేలు.